గుమ్మం ముందర మగ చెప్పులు

జూన్ 3, మంగళవారం

ఇవాళ ఆఫీసులో మీటింగు, గంటన్నర. ఆనందరావు సారు మొదటి అరగంట సర్కారు పేదవాళ్లకు ఎంత చేస్తోందో చెప్పి, మిగిలిన గంట ఆ పేదవాళ్లు ఎంత దొంగలో చెప్పాడు. మధ్యలో సమోసాలు పెట్టారు. రెండు తిన్నాను.

ఒంటరి మహిళల పింఛను మీద మళ్లీ సర్వే అట. దీనికి పెట్టిన పేరు 'ఏరివేత'. బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరాలట. మొగుడు వదిలేశాడని పింఛను తీసుకుంటున్న ఆడదాని ఇంటికి పోయి, నిజంగానే మగవాడు లేడా, ఎక్కడైనా దాచిపెట్టిందా అని చూడాలి. ఫోన్లో కొత్త యాప్ వేశారు. అందులో పద్నాలుగో ప్రశ్న: 'ఇంటిలో వయోజన పురుషుడు నివసిస్తున్న ఆనవాళ్లు.' ఉన్నాయి అని నొక్కితే ఫోటో అడుగుతుంది, అయిపోతుంది. లేవు అని నొక్కితే మాత్రం ఎందుకు లేవో రెండు వందల అక్షరాల్లో వివరించమంటుంది. లేనివాడు ఎందుకు లేడో నేనేం వివరిస్తాను!

"ఒక్కొక్కరు తక్కువల తక్కువ పదిమందిని పట్టాలె. పట్టనోళ్లకు ముప్పై తారీఖు తర్వాత కాంట్రాక్టు ఉంటదా, ఉండదా? నేనైతే చెప్పలేను భాయ్" అన్నాడు సారు, నవ్వుకుంటూ.

పక్క సీటు నగేష్ నా చెవి దగ్గరకు వంగి, "పది మంది ఎందుకక్కా, గీ రూంల ఉన్నోళ్లను పట్టుకుంటే అయిపాయె గద" అన్నాడు. నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. తొమ్మిదేళ్ల నుంచి అవుట్‌సోర్సింగులో ఉన్నాను. ప్రతి జూన్‌లోనూ ఇదే ఏడుపు. నా జీతం మీద నేనూ అమ్మా ఇద్దరం బతకాలి.

జూన్ 5, గురువారం

నిన్నా ఇవాళా మాదన్నపేట మార్కెట్ వెనక గల్లీలు. ఎండకు తల పగిలిపోయింది. చివరి ఇల్లు బేబీ అనే ఆమెది.

ఒక్క గది, రేకుల కప్పు, నేలంతా వెల్లుల్లి పొట్టు. సీతారాం సేటు దుకాణానికి వెల్లుల్లి ఒలిచి ఇస్తుంది. మొగుడు డానియేలు ఎనిమిదేళ్ల కింద వదిలేసి పోయాడని రికార్డులో ఉంది. కూతురు ప్రీతి ఇంటర్ చదువుతోంది.

తలుపు కొట్టాను. లోపలి నుంచి ఆమె గొంతు, "ప్రీతి డాడీ, లే! ఎవరో వచ్చిండ్రు సూడు!" అని.

గుమ్మం ముందు మగ చెప్పులున్నాయి. నల్లవి, పెద్దవి. తీగ మీద గళ్ల చొక్కా ఆరేసి ఉంది.

తలుపు ఆమే తీసింది. మీ ఆయన ఉన్నాడా అని అడిగాను.

"గిప్పుడే బయటికి పోయిండు. ఏం గావాలె మీకు?"

పింఛను సర్వే అనగానే ఆమె మొహం తెల్లబోయింది. "అయ్యో మేడం! ఎవ్వరు లేరు. ఊకె అన్న. నేను, నా బిడ్డ, గంతే."

"మరి ఈ చెప్పులెవరివి?"

"ఎవ్వరియి గావు మేడం. ఊకెనే పెట్టిన."

"ఊకెనే ఎవరైనా మగ చెప్పులు పెట్టుకుంటారా?"

ఆమె నన్ను ఒకలా చూసింది. నేను ఫోన్లోకి చూశాను. చెప్పులు ఒక ఫోటో, చొక్కా ఒక ఫోటో. రిమార్కులో, 'ముందు భర్త ఉన్నాడని చెప్పి, పింఛను మాట ఎత్తగానే మాట మార్చినది' అని రాశాను.

"ఇంటి కిరాయి దాంతోనే కడ్తున్న మేడం. జర సూడుండ్రి" అంది. నేనేం రాశానో ఆమెకు తెలియదు. వెళ్తుంటే ఒలిచిన వెల్లుల్లి గుప్పెడు కాగితంలో కట్టి చేతిలో పెట్టింది. తీసుకున్నాను. అమ్మ చారులో వేసింది. చారు బాగుంది.

ఆమెతో నావి పది అయ్యాయి.

జూన్ 6, శుక్రవారం

చూసింది చూసినట్టు రాశాను. ఇందులో అబద్ధం ఏముంది?

జూన్ 10, మంగళవారం

ఆనందరావు సారు నా ఎంట్రీని గోడ మీద పెద్దగా వేసి చూపించాడు. బేబీ చెప్పులు గోడంత అయ్యాయి.

"భాగ్యశ్రీ మేడంను సూసి నేర్సుకోండ్రి. చెప్పులు, అంగీ, నోటి మాట. మూడు సాక్ష్యాలు! గిట్లుండాలె పనంటే."

చప్పట్లు కొట్టారు. నగేష్‌వి నాలుగే. మిగతా ప్రతి ఇంటికీ కూర్చుని రెండు వందల అక్షరాలు రాశాడట, పిచ్చోడు. అందరి ముందూ తిట్లు తిన్నాడు.

చప్పట్లు కొడుతుంటే నాకు సంతోషమేసింది. అది ఇక్కడ రాసి పెట్టాలి. రేపు నేను ఇంకోలా చెప్పుకున్నా చెప్పుకుంటాను, నా సంగతి నాకు తెలుసు.

జూన్ 16, సోమవారం

ఇవాళ బేబీ ఆఫీసుకు వచ్చింది. 'మీరు అనర్హులు' అని ఫోన్‌కు మెసేజ్ వచ్చిందట. చదవడం రాక సీతారాం సేటుతో చదివించుకుందట. ఆయనా సరిగ్గా చదవక, పింఛను పెరిగిందని చెప్పాడట. రెండు రోజులు సంతోషపడ్డాక ప్రీతి చూసి అసలు సంగతి చెప్పింది.

చేతిలో క్యారీబ్యాగు. నేరుగా ఆనందరావు సారు టేబుల్ దగ్గరికి పోయి, అందులోంచి ఆ చెప్పులు తీసి, బోర్లించి ఫైలు మీద పెట్టింది.

"ఏయ్ ఏయ్! టేబుల్ మీద చెప్పులేంది!" సారు కుర్చీతో సహా వెనక్కి జరిగాడు.

"తిప్పి పెట్టిన సారు. అడుగు సూడుండ్రి."

చూశాను. అడుగు కొత్తది. ఒక్కరోజు తొడిగి నడిచిన గుర్తే లేదు. అచ్చు వేసిన నంబర్లు చెరగకుండా ఉన్నాయి. ఒకదాని మీద ఎనిమిది, ఇంకోదాని మీద తొమ్మిది.

"జుమ్మేరాత్ బజార్ల తెచ్చిన. జత గూడ కాదు. గిసొంటి కాళ్లున్న మొగోడు యాడ ఉంటడు సారు? పైన దుమ్ము నేనే సల్లుత. పొద్దుగాల లేసి జర అటో ఇటో జరుపుత, ఎవరో ఏస్కొని పోయొచ్చి ఇడిసినట్టు. నెలకోపారి అంగీ పిండి ఆరేస్త. ఎవరన్న తలుపు కొడ్తే లేనోన్ని పిలుస్త. ఇద్దరాడోళ్లమే ఉంటున్నమని గల్లీల తెల్వొద్దు గద? ఎనిమిదేండ్ల సంది గిదే నా సంసారం."

ఆనందరావు సారు మాత్రం, "గవన్ని నాకెందుకమ్మా? ఫోటోల చెప్పులున్నయ్. సిస్టంల ఎక్కింది. సిస్టం అబద్ధమాడదు గద" అన్నాడు. ఈతచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. ఇక్కడ ఆ చెట్టు నాటిందే మేము.

చివరికి ఒక దయ చూపించాడు. మళ్లీ సర్వే చేయిస్తాడట. గుమ్మం ముందు ఏమీ ఉండకూడదు, తీగ మీద ఏమీ ఉండకూడదు. ఖాళీ గుమ్మం ఫోటో కావాలి. అది కూడా నేనే తీయాలి.

వెళ్తూ వెళ్తూ బేబీ నా దగ్గర ఆగింది. "మేడం, గా రోజు మీరు ఒక్కపారి తిప్పి సూస్తే అయిపోతుండె గద" అంది. కోపం లేదు గొంతులో. కోపం ఉంటే బాగుండేది.

నేను పెన్ను మూత కోసం టేబుల్ కింద వెతికాను. మూత పెన్నుకే ఉంది. ఛీ.

జూన్ 17, మంగళవారం

పొద్దున గ్యాసు బండ వచ్చింది. తలుపు కొట్టగానే అమ్మ వంటింట్లోంచి ఎప్పటిలాగే కేక వేసింది, "ఏమయ్యా! గ్యాసాయన వచ్చిండు, లేసి సూడు!"

బాపు పోయి రెండేళ్లు దాటింది.

బాపు చెప్పులు మా గుమ్మం ముందే ఉన్నాయి. గోధుమరంగు తోలువి, కుడి మడమ అరిగినవి. చెత్తబండి వెనక ముప్పై ఏళ్లు తిరిగి అరగదీశాడు మా బాపు అంజన్న. దినాలు అయ్యాక అమ్మ వాటిని ఎవరికైనా ఇచ్చేద్దామంటే, ఉండనీ అమ్మా, ఇంట్లో ఇద్దరం ఆడవాళ్లమే కదా అన్నది నేనే. అమ్మ రోజూ పొద్దున తుడిచి, కొంచెం జరిపి పెడుతుంది. రోజూ వాటిని దాటుకుంటూనే నేను ఆఫీసుకు పోతాను.

ఈ సంగతి ఇంతవరకు డైరీలో రాయలేదు. సందర్భం రాలేదు. సందర్భం రాలేదట! థూ, నా రాతలు.

అయినా ఆ రోజు నాకు ఈ పోలిక తట్టలేదు. ఎండ బాగా ఉంది. ఎన్నో ఇళ్లు తిరిగి ఉన్నాను. తట్టలేదు.

జూన్ 20, శుక్రవారం

రీ-వెరిఫికేషన్ అయింది. నిన్ననే ఫోన్ చేసి బేబీకి చెప్పాను, చెప్పులు ఇంట్లో దాచొద్దు, మంచం కింద దొరికినా మళ్లీ లొల్లే, దూరంగా పారేయ్ అని. చెప్పులూ చొక్కా కలిపి మూట కట్టి నాలాలో పారేసిందట.

గుమ్మం ముందు బండ మీద రెండు తెల్లటి మచ్చలున్నాయి. ఎనిమిదేళ్లు చెప్పులున్న చోటు. అవి పడకుండా కొంచెం పైనుంచి ఫోటో తీశాను. లేవు అని నొక్కాను. ఎందుకు లేవో రెండు వందల అక్షరాలు రాశాను. 'భర్త విడిచిపెట్టి వెళ్లినందున పురుషుడు లేడు' అని ఒకదాన్నే తిప్పి తిప్పి రాస్తే సరిపోయింది. అక్కడికక్కడే ఆకుపచ్చ టిక్కు పడింది.

"ఇగ ఫికర్ లేదా మేడం?"

"ఏం ఫికర్ లేదు" అన్నాను.

మళ్లీ వెల్లుల్లి కట్టి ఇచ్చింది. వద్దంటే వినలేదు.

జూన్ 21, శనివారం

ఒక మంచి పని చేశాను. వారం తర్వాత అన్నం సయించింది.

జూన్ 24, మంగళవారం

పారదర్శకత అట. అర్హుల జాబితా ప్రజల ముందు పెట్టాలట. అభ్యంతరాలుంటే ఎవరైనా చెప్పొచ్చట.

పెద్ద పెద్ద అక్షరాల్లో హెడ్డింగు: 'పురుషుడు లేని గృహములు (ఒంటరి మహిళలు)'. కింద పేరు, వయసు, ఇంటి నంబరు, ఇంట్లో ఎందరు ఆడవాళ్లు, ఎవరి వయసు ఎంత. బేబీ, 39. ప్రీతి, 16.

మాదన్నపేట మార్కెట్ గోడకు అంటించాం. నగేష్ మైదా పిండి పూశాడు, నేను కాగితం రెండో అంచు పట్టుకున్నాను. కూరగాయలకు వచ్చినవాళ్లంతా ఆగి చదువుతున్నారు. సంచులు పట్టుకున్న ఆడవాళ్లు రెండు నిమిషాలు చూసి పోయారు. మగవాళ్లు నిలబడి చదివారు. ఒకడు ఫోన్ తీసి ఫోటో కొట్టుకున్నాడు.

"అక్కా, గిది దొంగకు తాళంచెయ్యి ఇచ్చినట్టు లేదా?" అన్నాడు నగేష్.

"మనకెందుకు, పై నుంచి వచ్చిన ఆర్డరు" అన్నాను. ఇంటికొచ్చి సబ్బుతో ఎంత కడిగినా ఆ మైదా జిగురు గోళ్లలోంచి పోలేదు.

జూన్ 27, శుక్రవారం

మధ్యాహ్నం ప్రీతి ఫోన్ చేసింది. "ఆంటీ, నేను చేసిన అని మా అమ్మకు చెప్పకుండ్రి" అని మొదలుపెట్టింది.

గల్లీ మలుపులో పాన్ డబ్బా ఎల్లేష్ అని ఒకడున్నాడు. ఇన్నేళ్లూ ఆ పిల్ల కనపడితే "డాడీ మంచిగున్నడా బిడ్డా? సలాం చెప్పు" అని తల వంచుకుని మాట్లాడేవాడట. లేని మొగుడికి ఎనిమిదేళ్లు సలాములు చెప్పినవాడు. నిన్న పగలు బేబీ సేటు దుకాణానికి పోయిన సమయం చూసి ఇంటికి వచ్చాడు.

"ఇన్నేండ్లు ఝూటా చెప్పిండ్రు గద అన్నడు ఆంటీ. లిస్టుల సూసిన అన్నడు. మొగదిక్కు లేదు గద, ఏమన్న గావాల్నా అడగనీకె వచ్చిన అన్నడు. నేను తలుపేసుకున్న. పోతలేడు. గంటసేపు గుమ్మంల కూసున్నడు, పాట పాడుకుంట." గొంతు తగ్గించింది. "చెప్పులు మా గుమ్మం ముందర ఇడిసిండు ఆంటీ. గా తెల్ల మచ్చలున్న కాడనే. ఇవాళ కూడ వచ్చిండు. ఎంబడి ఇంకొకన్ని తోల్కొచ్చిండు. గిప్పుడే పోయిండ్రు."

కాలేజీకి పోవడం లేదట. అలాగని ఇంట్లో ఒక్కతే ఉండాలన్నా భయమే. గల్లీలో ఎవరికైనా చెబితే, ఇన్నాళ్లు మొగుడున్నాడని మమ్మల్ని మోసం చేశారు కదా అంటున్నారట.

పోలీసులకు చెప్పమని సలహా ఇచ్చాను. చెప్పారట. ఇంట్లో మగవాళ్లెవరైనా వచ్చి కంప్లైంటు రాయండని పంపించేశారట.



సాయంత్రం ఆనందరావు సారుకు చెప్పాను, ఆ లిస్టు తీయించండి సార్ అని. ముప్పై రోజులు ఉండాలి మేడం, రూలు అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు మార్కెట్ దగ్గర దిగి, ఆ కాగితం చింపేద్దామని గోడ దగ్గరికి పోయాను. చుట్టూ మనుషులున్నారు. కాంట్రాక్టు ముప్పైకి అయిపోతుంది. టమాటాలు కొనుక్కుని వచ్చాను.

జూన్ 30, సోమవారం

బేబీ మళ్లీ ఆఫీసుకు వచ్చింది. ఈసారి ఆనందరావు సారు దగ్గరికి పోలేదు, నా దగ్గరికే వచ్చింది.

"ఉన్నడని రాయి మేడం."

"ఎవరు?"

"మొగోడు. మా ఇంట్ల మొగోడున్నడని రాయి. లిస్టులకెల్లి నా పేరు తీసెయ్. గోడ మీద ఉన్నదాంట్లకెల్లి గూడ తియ్."

పింఛను పోతుందని చెప్పాను. కిరాయి ఎలా కడతావని అడిగాను. ఆమె నవ్వింది.

"పోనీ. ఇంకో రెండు బస్తాల ఎల్లిపాయ ఎక్కువ ఒలుస్త. నాకు పైసలిస్తమని నా తలుపు తీసి బజార్ల పెట్టిండ్రు మేడం మీరు. తలుపన్న నాకియ్యిండ్రి."

యాప్‌లో ఒకటే దారి ఉంది: 'లబ్ధిదారు స్వచ్ఛందంగా వదులుకొనుట.' అది నొక్కితే పేరు ఆ రోజే పోతుంది. నొక్కాను. కారణం అడిగింది. 'ఇంట్లో పురుషుడు కలడు' అని రాశాను.

ఆనందరావు సారు స్క్రీన్ చూసి లేచి నిలబడ్డాడు. జిల్లాలో స్వచ్ఛందంగా వదులుకున్న మొదటి లబ్ధిదారట! ప్యూన్‌ను పంపి శాలువా తెప్పించాడు. బేబీ వద్దు వద్దంటున్నా కప్పాడు. ఫోటో తీయించి గ్రూపులో పెట్టాడు. 'నిజాయితీకి నిలువుటద్దం' అని కింద రాశాడు. ఆ ఫోటోలో ఒక పక్కన సారు, ఇంకో పక్కన నేను. నేను కూడా నవ్వుతున్నాను. మనిషి మొహం కెమెరా చూస్తే దానంతటదే నవ్వుతుంది కాబోలు.

శాలువా మెట్ల మీద వదిలేసి పోయింది బేబీ. నగేష్ తెచ్చి బీరువాలో పెట్టాడు, ఇంకొకరికి పనికొస్తుందని.

సాయంత్రం నాకు మెయిల్ వచ్చింది. కాంట్రాక్టు ఇంకో సంవత్సరం.

జూలై 2, బుధవారం

గోడ మీది లిస్టులో బేబీ పేరు మీద స్కెచ్ పెన్నుతో గీత కొట్టి, పక్కన 'పురుషుడు కలడు' అని రాశాను. కానీ ఆమెకు చెప్పులు లేవు. నాలాలో పారేయమన్నది నేనే.

అమ్మకు మొత్తం చెప్పాను. మొదటి నుంచీ. అమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ విన్నది.

"ముందుగాల రాసింది నువ్వేనా?"

"నేనే."

చిక్కుడుకాయలు పక్కన పెట్టింది. తర్వాత లేచి బయటికి పోయి, బాపు చెప్పులు తెచ్చి, కొబ్బరినూనె రాసి తుడిచింది. పాత పేపర్లో చుట్టింది. "ఇచ్చిరా పో. మడిమె అరిగున్నయ్, మొగోడు నడిసినట్టే కనవడ్తయ్."

"మరి మన గుమ్మానికి అమ్మా?"

"మనకేందే? లిస్టు రాసేదాని ఇల్లాయె. మన గడపకు ఎవడొస్తడు!"

మా అమ్మ ఆగమ్మ నోరు ఎప్పుడూ అంతే. నా తల్లి కదా అని సమాధానపడదామనుకున్నాను, కానీ కుదరలేదు.

సాయంత్రం పోయి ఇచ్చాను. బేబీ పేపర్ విప్పి, ముందు చెప్పులు తిరగేసి అడుగు చూసింది. మడమ మీద వేలు పెట్టి రాసింది. ఎవరివి అని అడగలేదు. ఆ రెండు తెల్ల మచ్చల మీద పెట్టి, ఒకదాన్ని కొంచెం వంకరగా జరిపింది. గల్లీ మలుపు వైపు ఒకసారి చూసి, ఖాళీ గదిలోకి గట్టిగా కేక వేసింది, "ప్రీతి డాడీ! కాళ్లు కడుక్కోని రా, బువ్వ పెడ్త!"

గదిలోంచి ప్రీతి మాత్రమే వచ్చింది. నన్ను చూసి తల తిప్పుకుంది. ఈసారి నాకు ఎవరూ వెల్లుల్లి కట్టి ఇవ్వలేదు.

ఇప్పుడు జూన్ 5 పేజీ తీసి చదివాను. దాని తర్వాతి పేజీలు కూడా. చూసింది చూసినట్టు రాశాను అని ఉంది. ఎండ అని ఉంది, తట్టలేదు అని ఉంది.

ఆ రోజు తలుపు కొట్టగానే లోపలి నుంచి ఆమె "ప్రీతి డాడీ, లే" అని కేక వేసింది కదా, అప్పుడు నాకు నవ్వొచ్చింది. అచ్చం మా అమ్మ గొంతులాగే ఉందనుకున్నాను. లోపల మగవాడు లేడని ఆమె తలుపు తీయకముందే నాకు తెలుసు.

అప్పటికి నావి తొమ్మిదే అయ్యాయి.